సొంత వాడకం కింద ఒక కోడలు

పత్తర్‌గట్టిలో మా మామగారిది బట్టల దుకాణం. దుకాణం వెనక సందులో ఇల్లు. ఆ ఇంట్లో నేను నాలుగో కోడలిని. కూరలు తరగడం పెద్ద తోడికోడలి పని, పోపు రెండో ఆమెది, రొట్టెలు మూడో ఆమెవి. నా వాటాకు బియ్యంలో రాళ్ళు ఏరడం వచ్చింది. ఉప్పు మాత్రం మా అత్తగారు తప్ప ఎవరూ వేయకూడదు. వంట అయ్యే వేళకు ఆవిడ పూజగదిలోంచి లేచి వచ్చి, జాడీ మూత తీసి, ఒక్కొక్క గిన్నెలో తన చేత్తో ఉప్పు వేసి, మళ్ళీ వెళ్ళి జపానికి కూర్చునేది. ఆవిడకు జ్వరం వస్తే గిన్నెలే మంచం దగ్గరికి మోసుకెళ్ళేవాళ్ళం. పదహారు మందికి వండే ఇంట్లో నలుగురు కోడళ్ళం ఉప్పు ముట్టుకోకుండా బతికామంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. నమ్మకపోతే పోనీ. ఆ జాడీ మీద నాకున్న కోపం ఇప్పటికీ చల్లారలేదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నా చేత్తో నేను ఉప్పు వేసుకున్న మొదటి వంటిల్లు నాకు కోర్టు వల్ల దొరికింది.

డెబ్బైల మొదట్లో సంగతి. కిషన్‌బాగ్‌లో మా మామగారికి ఇంకో ఇల్లుండేది. మూడు గదులు, గూనపెంకల కప్పు, ముందు అరుగు, వెనక నల్లా. ఏడేళ్ళుగా అందులో బస్సు డిపోలో పనిచేసే ఒక మెకానిక్ కుటుంబం కిరాయికి ఉండేది. క్రైస్తవులు. ఆయన పొద్దున పోతే చీకటి పడ్డాకే వచ్చేవాడు కాబట్టి ఇంటి వ్యవహారమంతా ఆయన భార్యదే. యాభై ఏళ్ళ మనిషి, గట్టి గొంతు, ఎవరికీ జంకేది కాదు. కిరాయి ఒక్క నెల ఆలస్యం చేసి ఎరగదు. మా మామగారికి ఆమెతో వచ్చిన చిక్కు అదే. ఆ ఇంటిని ఒక ఎండుమిరపకాయల వ్యాపారికి గోదాముగా ఇస్తే కిరాయి రెట్టింపు వస్తుంది. కానీ సక్రమంగా కిరాయి కట్టేవాళ్ళను పొమ్మనడానికి చట్టం ఒప్పుకోదు.

వకీలు ఆలోచించి దారి చెప్పాడు. యజమాని సొంత వాడకానికి కావాలంటే కోర్టు ఖాళీ చేయిస్తుంది. అందుకని, చిన్న కొడుకు సంసారానికి ఉన్న ఇల్లు చాలడం లేదు, వేరే కాపురం పెట్టాలి అని కేసు వేశారు. కేసు వేసేనాటికి ఆ చిన్న కొడుక్కి పెళ్ళే కాలేదు.

కాబట్టి పెళ్ళి చేశారు.

జనగామలో మా ఇంట్లో పెళ్ళిచూపులకు వకీలు కూడా వచ్చాడు. ఆయన్ని పెళ్ళికొడుకు మేనమామ అనుకుని మా అమ్మ రెండు లడ్డూలు ఎక్కువ వడ్డించింది. ముహూర్తం ఎప్పుడు పెట్టుకుందామని మావాళ్ళు అడిగితే మా మామగారు పురోహితుడి వైపు చూడలేదు, వకీలు వైపు చూశాడు. "వాయిదా కంటె ముందుగాల అయితే మంచిగుంటది" అన్నాడు వకీలు, రెండో లడ్డూ నములుతూ. వాయిదా అంటే ఏదో శుభకార్యం అనుకున్నాం. వైశాఖంలో పెళ్ళయింది. జ్యేష్ఠంలో కోర్టు మా వైపు తీర్పు చెప్పింది. ఆ తీర్పులో నన్ను చదివారట, సొంత వాడకం కింద.

అసలు కథ అక్కడ మొదలైంది. మా మామగారు తాళంచెవి చేతికి రాగానే మిరపకాయల బస్తాలు దించుకోవచ్చనుకున్నాడు. వకీలు నెత్తి కొట్టుకున్నాడు. "సేఠ్, చట్టం గట్ల లేదు. నెల లోపల మీ కొడుకు కోడలు ఆ ఇంట్ల కాపురం పెట్టాలె. పెట్టినంక ఆర్నెల్లు ఉండాలె. ఉండకపోయినా, నడుమల ఖాళీ చేసినా, వేరేటోళ్ళకు ఇచ్చినా, పాత కిరాయిదారు అర్జీ పెట్టుకుంటే ఇల్లు మళ్ళ ఆమెకే పోతది."

ఆమెకు ఆ సంగతి మాకంటే ముందే తెలుసు. కిషన్‌బాగ్ ఇల్లు ఖాళీ చేసి ఆమె ఎక్కడికో పోలేదు. సరిగ్గా ఎదురింట్లో రెండు గదులు కిరాయికి తీసుకుంది. కిటికీ పక్కన కుర్చీ వేసుకుంది. పిల్లలు బడిలో రాసుకునే నోటుబుక్కు ఒకటి తెరిచి పెట్టుకుంది. ఇక ఆమెను ఎదురింటావిడ అనే పిలుస్తాను, మా ఇంట్లో అందరూ అలాగే అనేవాళ్ళు, కొంచెం భయంగా.

ఆమె తాళంచెవి ఇచ్చింది జ్యేష్ఠ అమావాస్య నాడు. మర్నాటి నుంచి ఆషాఢం. చట్టం ఇచ్చిన నెల, పంచాంగంలోని శూన్యమాసం, రెండూ అటూ ఇటూ ఒక్క రోజు తేడా లేకుండా ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి.

కొత్త కోడలు తొలి ఆషాఢంలో అత్తగారు దాటే గడప దాటకూడదు. మొగుడు ఉన్న చోట ఉండకూడదు. పుట్టింటికి పోవాలి. చట్టమేమో నేను మొగుడితో కలిసి కిషన్‌బాగ్‌లో కాపురముండాలంటుంది. మా మామగారు మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నన్ను జనగామ పంపితే ఇల్లు పోతుంది. పంపకపోతే వంశానికి కీడు. ఒక చేతిలో పంచాంగం, ఒక చేతిలో కోర్టు కాగితం పట్టుకుని దుకాణం గద్దె మీద కూర్చునేవాడు. గిరాకీ వస్తే ఏ చేత్తో గజం బద్ద అందుకోవాలో తెలిసేది కాదు.

చివరికి పురోహితుణ్ణీ వకీలునూ ఒకే చాప మీద కూర్చోబెట్టారు. పురోహితుడు కాసేపు కళ్ళు మూసుకుని అన్నాడు: "పాత ఇల్లే గదా, గృహప్రవేశం పని లేదు. పాలు శ్రావణంల పొంగించుకోవచ్చు. పిల్ల మాత్రం పుట్టింట్లనే ఉండాలె."

"పుట్టిల్లంటే ఏంది పంతులూ?" అన్నాడు వకీలు. "జనగామల ఉన్న గోడలా, తల్లా?"

పురోహితుడు కండువా సర్దుకుని, తల్లే అన్నాడు.

రెండు రోజుల్లో మా అమ్మను జనగామ నుంచి బస్సులో తీసుకొచ్చి కిషన్‌బాగ్ ఇంట్లో దించారు. అమ్మ ఉన్నది కాబట్టి అది పుట్టిల్లు. మామగారిది కాబట్టి అది అత్తిల్లు. శాస్త్రం పంతులు వైపు నుంచి నడిచింది, చట్టం వకీలు వైపు నుంచి నడిచింది. నేను ఒక ట్రంకుపెట్టె, ఒక చాపతో వచ్చి మధ్యలో పొయ్యి ముట్టించాను.

ఆ మొదటి రోజు పప్పు ఉడికింది. గరిటె పట్టుకుని నిలబడిపోయాను. "ఉప్పేసినవా?" అంది అమ్మ. చుట్టూ చూశాను. ఎవరూ లేరు. సందు చివరి దుకాణంలో నేనే వెళ్ళి కొనుక్కొచ్చిన రాళ్ళుప్పు కాగితం పొట్లంలో ఉంది. ఎంత వేయాలో తెలియలేదు. రెండు నెలల్లోనే మరిచిపోయాను. చేతికి వచ్చినంత వేశాను. ఆ పప్పు నోట పెట్టలేకపోయాం. అయినా ఇద్దరం తిన్నాం. నాకు ఏడుపు కూడా వచ్చింది. ఆర్నెల్లే కదా అన్న మాట అప్పుడే గుండెలో ముల్లులా గుచ్చుకుంది. ఎదురింటావిడ గెలిస్తే నేను ఈ వంటింట్లోంచి పోవాలి. మా మామగారు గెలిస్తే ఆర్నెల్ల తర్వాత మిరపకాయల కోసం పోవాలి. ఎవరు గెలిచినా నేను బియ్యంలో రాళ్ళ దగ్గరికే.

వకీలు ఊరుకోలేదు. మగమనిషి ఉన్న ఆనవాళ్ళు కనబడాలన్నాడు. మొగుడు గడప దాటకూడదు, కానీ ఉన్నట్టు కనబడాలి. అందుకని మా ఆయన రోజూ పొద్దున దుకాణానికి పోతూ సైకిల్ మీద తన అంగీలు రెండు, ధోవతి ఒకటి తెచ్చి అరుగు మీద పెట్టేవాడు. అవి ఉతికినవే, ఇస్త్రీ మడతతో సహా. నేను వాటిని నల్లా కింద తడిపి, పిండి, ముందు తాడు మీద ఆరేసేదాన్ని. సాయంత్రం ఆయన వచ్చి ఎండినవి తీసుకుపోయేవాడు. ఆ పది నిమిషాలు ఆయన రోడ్డు మీద నిలబడి, నేను గడప లోపల నిలబడి, మాట్లాడుకునేవాళ్ళం.

"ఏం వండినవ్?"

"పప్పు."

"ఉప్పు సరిపోయిందా?"

"ఇయ్యాల సరిపోయింది."

కొత్త దంపతుల ముచ్చట్లు ఇంతే. ఎదురు కిటికీలో ఎదురింటావిడ పెన్సిల్ నాలికకు తడుపుకుని రాసుకునేది.

ఇక మా అమ్మ ఆమెకు ఇంకో ఆధారం ఇచ్చింది. బిడ్డకు సంతానం కలిగేదాకా తల్లి ఆ బిడ్డ అత్తింటి అన్నం ఊరికే తినకూడదని అమ్మకు పట్టింపు. బియ్యం వెంట తెచ్చుకుంటానంటే మా మామగారు తన పరువు తీయొద్దన్నాడు. అందుకని అమ్మ రోజూ అన్నానికి ముందు ఒక అర్ధరూపాయి బిళ్ళ నా చేతిలో పెట్టేది. అదీ లోపల కాదు, అరుగు మీదికి పిలిచి, సూర్యుడు చూసేలా. నేను వద్దంటే తినేది కాదు. అత్తింటివాళ్ళకు ఇస్తే వాళ్ళు ముట్టుకోరు, అమ్మకు తిరిగి ఇస్తే తీసుకోదు. ఎర్ర అంచు గుడ్డముక్కలో మూటకట్టి పోపుల డబ్బా వెనక పెట్టాను.

శ్రావణం వచ్చింది. అమ్మ జనగామ వెళ్ళింది. పాలు పొంగించారు, మా అత్తగారు జాడీతో సహా వచ్చి మొదటి వంటకు ఉప్పు వేసి మరీ వెళ్ళింది. మా ఆయన ట్రంకుపెట్టెతో లోపలికి వచ్చాడు. ఆ వారమే కోర్టు నోటీసు వచ్చింది. అర్జీ సారాంశం ఇది: చెప్పిన గడువులో కొడుకు ఆ ఇంట్లో కాలు పెట్టలేదు, ఒక ముసలమ్మకు రోజువారీ కిరాయి మీద ఇల్లు ఇచ్చారు, ఆమె నెల తిరగగానే ఖాళీ చేసి పోయింది, కాబట్టి ఇల్లు నాకు ఇప్పించాలి.

జనగామలో ఈ మాట విని మా అమ్మకు కిరాయి అన్న మాట కంటే ముసలమ్మ అన్నందుకు ఎక్కువ కోపం వచ్చింది. ఆమెకప్పుడు నలభై రెండేళ్ళు.

కిరాయి కేసులు చూసే అధికారి ఒక పెద్దమనిషి. తెల్ల గడ్డం, నెమ్మదిగా మాట్లాడేవాడు, ఎవరి మాటా తుంచేవాడు కాదు. ఎదురింటావిడకు వకీలు లేడు. నోటుబుక్కు తెరిచి తానే చదివింది.

"సార్, ఉతికిన అంగీలే మళ్ళ తడిపి ఆరేస్తున్రు. ఇరవై ఆరు దినాలు నా కండ్లతోని చూసిన. ఒక్క అంగీకి చెమట మరక లేదు. గా పిలగాడు రోడ్డు మీద నిలవడి పోతడు. సొంత ఇంట్లకు ఎవడన్న రాకుండ రోడ్డు మీద నిలవడ్తడా? ఇగ గా ముసలామె దినాం పొద్దుగాల పైసలిచ్చినంకనే అన్నం తినుడు. లాడ్జి నడుపుతున్రు సార్ వీళ్ళు."

మా వకీలు లేచి ఆషాఢం అన్నాడు. అధికారి కళ్ళజోడు సర్దుకున్నాడు.

"వకీల్ సాబ్, యే ఆషాఢం క్యా హై?"

వకీలు ఉర్దూలో చెప్పుకొచ్చాడు. అత్త, కోడలు, గడప, పుట్టిల్లు, పురోహితుడు. అధికారి గడ్డం నిమురుకుంటూ విన్నాడు. "అచ్ఛా. మా దాంట్ల మొహర్రంల పెండ్లిళ్ళు పెట్టుకోం. గసొంటిదే అన్నట్టు."

"గసొంటిదే హుజూర్. ఇది పెండ్లయినంక."

"మాకు ఆషాఢం లేదు సార్" అంది ఎదురింటావిడ. "మేము పన్నెండు నెలలూ కాపురం చేస్తం."

గదిలో అందరూ నవ్వారు. మా మామగారు మాత్రం చెమటలు కక్కుతున్నాడు. పైసల సంగతి వచ్చేసరికి నన్ను పిలిచారు. అమ్మ పట్టింపు గురించి చెప్పాను. అధికారి ఎదురింటావిడ వైపు తిరిగి, నువ్వేమైనా అడుగుతావా అన్నాడు. ఆమె లేచి నా ముందుకొచ్చి నిలబడింది. అంత దగ్గరగా ఆమెను చూడడం అదే మొదలు. నుదుటి మీద చెమట, నోటుబుక్కును రెండు చేతులతో గుండెకు అదుముకుంది. ఆ ఇంటి మీద ఆమె పెట్టుకున్న ఆశ ఎంతో అప్పుడు తెలిసింది.

"కాపురముంటున్న అంటున్నవు గదా. చెప్పు పిల్లా. వానొస్తే గా ఇంట్ల ముందుగాల యాడ కురుస్తది?"

ఇలాంటి ప్రశ్న వస్తుందని వకీలు నాకు నేర్పలేదు. నేర్పనక్కర్లేదు కూడా.

"వంటింటి గడప మీద. రెండో వాసం కాన్నుంచి" అన్నాను. "ఆడ ఆగితే ఇగ రోలు మీద."

"గిన్నె పెడ్తవా, బకెట్ పెడ్తవా?"

"బకెట్. దాంట్ల గుడ్డ ఏస్త. లేకుంటే చప్పుడు ఆగదు."

ఆమె నోటుబుక్కు మూసేసింది. అధికారి వైపు తిరిగి, "ఉంటున్నది సార్" అంది. "గా బకెట్ల గుడ్డ ఏసుడు ఉన్నోళ్ళకు తప్ప తెల్వది. ఏడేండ్లు నేను గదే ఏసిన. కప్పు బాగు చెయ్యి సేఠ్ అని ఏడేండ్లు అడిగిన."

తన అర్జీని తన నోటితోనే ఓడగొట్టుకుంది. అధికారి అర్జీ కొట్టేస్తూ కార్తీకంలో తీర్పు ఇచ్చాడు. మా మామగారు దుకాణంలో పేడాలు పంచాడు. నాకు పెట్టిన పేడా నేను తినలేకపోయాను. నిజం చెప్పినందుకు ఆమె ఇల్లు పోయింది, నిజం చెప్పినందుకు నాకు ఇల్లు మిగిలింది, అదీ పుష్యమాసం దాకానే.

తీర్పు వచ్చిన మూడో రోజు మిరపకాయల వ్యాపారి టేపు పట్టుకుని వచ్చాడు. మేము అన్నాలు తింటుంటే గది కొలతలు తీసుకున్నాడు. "గీ పొయ్యి తీసేస్తే ఇంకో ఇరవై బస్తాలు పడ్తయి" అన్నాడు, నా పొయ్యి మీద చెప్పుకాలు ఆనించి. మా ఆయన కంచంలోకి వంగి ముద్ద కలుపుకున్నాడు. తండ్రి పంపిన మనిషి ముందు ఆయనకు నోరు లేదు. ఆ మాట ఇప్పుడు రాయడానికి నాకు మొహమాటం లేదు, ఆయనకూ తెలుసు.

నేను చెయ్యి కడుక్కుని, పోపుల డబ్బా వెనక ఉన్న మూట కొంగు చాటున పెట్టుకుని, పట్టపగలే సందు దాటాను. ఎదురింటావిడ కిటికీ దగ్గరే ఉంది. టేపుతో దిగిన మనిషిని ఆమె కూడా చూసింది.

"పెద్దమ్మా, ఇంటిని గోదాము చేస్తరట. పొయ్యి తీసేస్తరట."

"గా పొయ్యి నేనేసిన" అంది ఆమె. "మట్టి నా నెత్తి మీద మోసుకొచ్చిన."

"పై కోర్టుకు అప్పీలు చేసుకోవచ్చట. మా వకీలే అంటుండె, మీరు చెయ్యరు అని. అప్పీలు నడిచినన్ని దినాలు మేము ఖాళీ చెయ్యొద్దట."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "నీ మామ మీద కేసెయ్యమని నువ్వే చెప్తున్నవా?"

మూట ఆమె ముందు పెట్టాను. "స్టాంపులకు."

"మీ మామ పైసలా?"

"కావు. మా అమ్మ తిన్న అన్నం పైసలు."

ఆమెకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. కుర్చీలోంచి జారి పడేంత నవ్వింది. "కిరాయి పైసలు అని నేను కోర్టుల మొత్తుకుంటి గదనే!" అంటూ కళ్ళు తుడుచుకుంది. మూట రొండిన దోపుకుంది.

అప్పీలు పడింది. మా మామగారు మంచం పట్టినంత పని చేశాడు. "గా మనిషిని ఎవడో ఎగేస్తున్నడు" అని మా ఇంట్లోనే కూర్చుని, నేను పెట్టిన చాయ తాగుతూ అన్నాడు. వకీలు గట్టిగా హెచ్చరించాడు: అప్పీలు నడుస్తుండగా ఇల్లు ఖాళీ చేస్తే మన గోతి మనమే తవ్వుకున్నట్టు. పైగా సొంత వాడకానికి సాక్ష్యాలు పెంచుకోవాలన్నాడు. ఇంటి మరమ్మతు చేయిస్తే దాన్ని మించిన సాక్ష్యం లేదన్నాడు. వెంటనే పనివాళ్ళు కప్పెక్కారు. రెండో వాసం మార్చారు, పగిలిన పెంకలన్నీ మార్చారు. ఎదురింటావిడ కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది. ఆ రోజు నోటుబుక్కులో ఏమీ రాయలేదు. ఏడేళ్ళు అడిగినా జరగని పని, ఆమె ఆ ఇంట్లోంచి పోయాక, ఆమె వేసిన కేసు వల్లే జరిగింది. నాకు ఆ కప్పు కింద పడుకోవడానికి చాలా రోజులు సిగ్గేసింది.

కోర్టు సంగతి తెలిసిందే. వాయిదా మీద వాయిదా. మా మామగారికి ప్రతి వాయిదా ఒక తలనొప్పి, నాకు ప్రతి వాయిదా ఒక పండుగ. పుష్యం వచ్చి పోయింది. ఆర్నెల్లు ఏడాదైంది, రెండేళ్ళైంది. మిరపకాయల వ్యాపారి విసిగి వేరే చోట గోదాము చూసుకున్నాడు. నాకు కూతురు పుట్టింది. మా అమ్మ వచ్చి మొదటిసారి పైసలివ్వకుండా కడుపునిండా తిని, అరుగు మీద కూర్చుని త్రేన్చింది. మా అత్తగారు వచ్చినప్పుడల్లా కూర రుచి చూసి ముఖం చిట్లించేది గాని, జాడీ ఇంటి దగ్గరే వదిలి వచ్చేది.

మూడో ఏడు ఎదురింటావిడ వాళ్ళు సంతోష్‌నగర్‌లో సొంతంగా రెండు గదులు వేసుకుని వెళ్ళిపోయారు. సామాను ఎక్కించిన బండి సందు మలుపు తిరిగేదాకా అరుగు మీదే నిలబడి చూశాను. సొంత ఇల్లున్న మనిషికి ఈ కేసు ఎందుకు? ఒక్క వాయిదాకు రాకపోతే చాలు, కొట్టేస్తారు. నా వంటిల్లు ఆ మనిషి బస్సు టిక్కెట్టు మీద ఆధారపడి ఉంది.

ఆమె వచ్చింది. ప్రతి వాయిదాకూ రెండు బస్సులు మారి వచ్చింది. పేరు పిలవగానే లేచి "ఉన్న సార్" అనేది, మళ్ళీ వాయిదా వేశారని విని, నా వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయేది. ఎందుకు వస్తున్నావని నేను అడగలేదు. అడిగితే మానేస్తుందేమోనని భయం.

నాలుగో ఏడు అప్పీలు కొట్టేశారు. కోర్టు మెట్ల మీద మా మామగారు వకీలు చేతులు పట్టుకుని ఊపుతున్నాడు. నా పక్కనే నిలబడి, "ఇగ ఖాళీ చేసినా అడిగేటోడు లేడు" అన్నాడు. పత్తర్‌గట్టికి దగ్గర్లో ఉన్న మరో వ్యాపారి ఎవరో అడుగుతున్నాడట, ఈసారి చింతపండుకు. నా చేతిలోని పిల్ల ఏడుపు అందుకుంది. ఎందుకో నాకూ ఏడుపొచ్చింది. గెలిచిన సంతోషం అనుకున్నాడాయన.

అప్పుడు ఎదురింటావిడ మెట్లు దిగుతూ మా ముందు ఆగింది. నోటుబుక్కు చంకలో ఉంది.

"సేఠ్" అంది, "హైకోర్టు ఉన్నది."

అంతే. మా మామగారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆమె హైకోర్టుకు పోలేదు, పోవడానికి వాళ్ళ దగ్గర ఏముంది గనక. కానీ ఏడాదికి రెండుసార్లు కిషన్‌బాగ్‌లో బస్సు దిగి, మా ఇంటి ముందు కాసేపు నిలబడి, కప్పు వైపు చూసి, నోటుబుక్కులో ఏదో రాసుకుని పోయేది. ఆ వార్త సాయంత్రానికల్లా పత్తర్‌గట్టి చేరేది. చింతపండు మాట మళ్ళీ మా ఇంట్లో వినబడలేదు. కొన్నాళ్ళకు ఆ ఇల్లు మా ఆయన వాటాకు రాసిచ్చేశారు. గోల వదిలించుకోవడానికే ఇచ్చారు. ఇచ్చారు, అంతవరకు చాలు.

కాగితాలు మా చేతికి వచ్చిన తర్వాత ఆమె వచ్చినప్పుడు రోడ్డు మీద నిలబడనివ్వలేదు. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాను. ఇల్లు వదిలాక ఆమె ఆ గడప దాటడం అదే మొదలు. కప్పు చూసింది, రెండో వాసాన్ని చేత్తో తట్టింది, పొయ్యి ముందు కూర్చుంది. వేడి వేడి అన్నం, పప్పు పెట్టాను. మాట్లాడకుండా తిన్నది. చెయ్యి కడుక్కుని, రొండిన దోపుకున్న చిన్న సంచిలోంచి ఎర్ర అంచు గుడ్డమూట తీసి నా ముందు పెట్టింది. ముడి నేను వేసినట్టే ఉంది.

"విప్పనే లేదా?"

"అన్నం పైసలతోని కేసెట్లేస్తనే? మా ఆయన ఓవర్‌టైము చేసిండు, స్టాంపులకు సరిపోయింది." తర్వాత అంది: "అయినా గా అన్నం నేనేసిన పొయ్యి మీద వండిందే గదా. నా పొయ్యి కాడ తిన్నోళ్ళ దగ్గర నేను పైసలు తీసుకోను."

ఆమె లేచి, గడప దగ్గర చెప్పులేసుకుంటూ వెనక్కి తిరిగింది.

"పప్పుల ఉప్పు జర ఎక్కువైంది బిడ్డా."

"నా ఇల్లు పెద్దమ్మా, నేనింతే ఏస్త" అన్నాను. అనేశాక నాలుక కరుచుకున్నాను, ఎవరితో ఏం అంటున్నానో గుర్తొచ్చి.

"గా మాట అనిపిద్దామనే గదనే, రెండు బస్సులు మారి వచ్చింది" అంది ఆమె, బస్సుకు టైమైందని గబగబా సందు దాటి వెళ్ళిపోయింది.